తెర మీదా కాగితమే

1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టినప్పుడు రాత గోదావరి గట్టున, అచ్చు మద్రాసులో. రాజమండ్రి దగ్గర నది మీద రైలు వంతెన రావడానికి అప్పటికింకా పాతికేళ్లుంది. ఆ తర్వాత పంతులుగారు సొంత అచ్చుకూటమే పెట్టుకున్నారు. ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ఆ పత్రికలో ధారావాహికగా మొదలై 1880లో పుస్తకమైంది.

ఆ కాలపు పుస్తకాలు ఇవాళ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. తెరిస్తే చాలాసార్లు కనిపించేది పుటల ఫొటోలు. పసుపుబారిన కాగితం, మూలన చెదలు తిన్న బెజ్జం, ముఖపత్రం మీద ఏదో ఒక ఊరి గ్రంథాలయం రబ్బరు ముద్ర, పక్కన పాత పాఠకుడెవరో పెన్సిలుతో గీసిన గీత. అచ్చు పుస్తకం గొప్పదా, ఈ-పుస్తకం గొప్పదా అన్న వాదన ఇంగ్లిషు పుస్తకాల దగ్గర చెల్లుతుందేమో. తెలుగు ఈ-పుస్తకం మాత్రం చాలావరకు కాగితం మీదే బతుకుతోంది. అందుకే ముందు ఆ రబ్బరు ముద్రల సంగతి చూడాలి.

భీమవరం దగ్గర కుముదవల్లిలో 1897లోనే భూపతిరాజు తిరుపతిరాజు చొరవతో గ్రంథాలయం వెలిసింది. పేరు వీరేశలింగ కవి సమాజం. కవి ఇంకా బతికుండగానే, ఆయన ఊరు కాని ఊళ్లో! మరుసటి ఏడు రాజమండ్రిలో నాళం కృష్ణారావు మరో విత్తనం నాటారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా లేవు. ఆ ఊళ్లోనే వడ్డాది సుబ్బారాయుడి పేరిట వసురాయ గ్రంథాలయం, కొక్కొండ వెంకటరత్నం పేరిట రత్నకవి గ్రంథాలయం ఉండేవి. ఆ రెండూ కలిసి గౌతమీ గ్రంథాలయమయ్యాయి. 1979లో దాన్ని ప్రభుత్వం తీసుకుంది. గ్రంథాలయోద్యమాన్ని ఆంధ్రదేశమంతా తిప్పిన అయ్యంకి వెంకటరమణయ్య కూడా ఈ గోదావరి నేల బిడ్డే, పుట్టింది కొంకుదురులో.

వీటిలో చేరిన పుస్తకాలకు రెండు శత్రువులు. ఒకటి డెల్టా తేమ. రెండోది కాగితమే. చెక్కగుజ్జుతో చేసిన చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది లోపల్నుంచే కాగితాన్ని తినేస్తుంది. వందేళ్ల నాటి పుస్తకం పుట తిప్పితే మూల చేతిలోకి వచ్చేస్తుంది. తాటాకు గ్రంథాలు కొన్ని ఇంతకంటే గట్టిగా నిలిచాయి.

ఆదుకున్నది, ఒకరకంగా, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి ఆయన తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ దానికి ఊతమిచ్చాయి. వేల తెలుగు పుస్తకాలు స్కానర్ల కిందకు వెళ్లాయి.

పని మాత్రం హడావిడిగా సాగింది. వంకరగా పడ్డ పుటలు, ఎగిరిపోయిన పుటలు, అక్కడక్కడా ఆపరేటరు వేలు. అంతకంటే పెద్ద తలనొప్పి జాబితా. తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. పుస్తకం ఉందని తెలిసినా దొరకదు. చివరికి 2017లో కాపీరైటు గొడవలతో ఆ వెబ్‌సైటే మూతపడింది. అప్పటికే అమెరికాకు చెందిన కార్ల్ మాలముద్ నాలుగు లక్షలకు పైగా పుస్తకాల నకళ్లను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టేశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే కాగితమూ పోయి, ఫొటోలూ పోయేవి.

మరి కొత్త పుస్తకాలో? ఇక్కడ కథ ఇంకో మలుపు తిరుగుతుంది. సీసం అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాక తెలుగు డీటీపీ అంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో సాగింది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా ప్రెస్సులవాళ్లకు దానితో పని పడలేదు. పుస్తకం అచ్చులో అందంగా వస్తుంది. ఆ ఫైలునే ఈ-పుస్తకం చేద్దామంటే అక్షరాలు గజిబిజి. మార్చుకోవాలి, మళ్లీ ప్రూఫులు దిద్దుకోవాలి. అంత ఓపిక ఎవరికుంది? 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలైనప్పుడు ఆ వరసలో తెలుగు లేదు. దానికి ముందే ‘కినిగె’ వంటి తెలుగు వెబ్‌సైట్లు ఈ-పుస్తకాలు అమ్మాయి గానీ, అచ్చు పుస్తకాన్ని అవి పక్కకు నెట్టలేదు. ఉగాదికి ఇంట్లోకి పంచాంగం ఇప్పటికీ కాగితం మీదే వస్తుంది. పంచాంగాలు అచ్చువేసే రాజమండ్రి గొల్లపూడి వీరాస్వామి సన్ పేరు తెలియని ఇల్లు గోదావరి జిల్లాల్లో అరుదు.

తెర కాగితాన్ని నిజంగా ఓడించిన చోటు నిఘంటువు. పిఠాపురం మహారాజు పోషణలో, జయంతి రామయ్య పంతులు ఆధ్వర్యంలో తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. ఆ సంపుటాలన్నీ బల్ల మీద పరుచుకుని ఒక్క మాట వెతకడం పెద్ద వ్యాయామం. ఇప్పుడు ‘ఆంధ్రభారతి’ వెబ్‌సైటులో మాట టైపు చేస్తే సూర్యరాయాంధ్రం, బ్రౌన్, మిగతా నిఘంటువులు ఒకే పుటలో అర్థాలు చెబుతాయి. అది ఫొటో వల్ల అయ్యే పని కాదు. ఎవరో కూర్చుని ప్రతి మాటా ఎక్కించారు.

తెలుగు వికీసోర్స్‌లో జరుగుతున్నదీ అదే పని. ఒకవైపు స్కాన్, పక్కనే ఖాళీ గడి. అరసున్నలు, బండి ‘ఱ’లు, జిగురు సిరాతో పూడిపోయిన వత్తులు చూస్తే కంప్యూటరు తడబడుతుంది. మనిషే సరిచూడాలి. ఒకరు దిద్దిన పుట పసుపురంగుకు మారుతుంది, రెండోవారు సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక అరవై ఏళ్లు కాపీరైటు ఉంటుంది. చిలకమర్తి, అడివి బాపిరాజు ఎప్పుడో ఆ గడువు దాటేశారు. పొలమూరులో పుట్టి 1961లో కన్నుమూసిన శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి రచనలకు 2022 జనవరి నుంచి ఆ అడ్డు లేదు. ఇక కావలసింది ఆ గోదావరి పలుకుబడిని తప్పుల్లేకుండా టైపు చేయగలిగే మనుషులు. పొలమూరు, అనపర్తి వైపు వాళ్లయితే మరీ మంచిది.