ప్లాస్టిక్ కాలుష్య పరిశీలన: ఏకరూప పద్ధతులు

నీటిలో, మట్టిలో చేరిన ప్లాస్టిక్‌ను అంతటా ఒకే కొలతతో లెక్కించే విధానమే ఏకరూప పరిశీలన. ఉదాహరణకు, భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. మహబూబాబాద్ వైపు పారే ఆకేరు, మున్నేరు నీళ్లు కృష్ణకు చేరతాయి. జనగామ నీరు చెరువుల్లో నిలుస్తుంది. మూడు చోట్లా కొలత ఒకటి కాకపోతే పోలికే ఉండదు.

5 మిల్లీమీటర్లకన్నా చిన్న ముక్కలు సూక్ష్మప్లాస్టిక్. సుమారు 300 మైక్రాన్ల కన్నాలున్న వలలోంచి సన్నని బట్ట పోగులు జారిపోతాయి; మురికి నీరు శుభ్రమైనదిగా లెక్కకెక్కుతుంది. ఇది చిన్న లోపం కాదు. ఒకరు ఘనపు మీటరు నీటికి, మరొకరు కిలో మట్టికి లెక్కకట్టినా చిక్కే. నదులు, సరస్సుల్లో కొలతలు ఒకేలా ఉండేందుకు ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2020లో మార్గదర్శకాలు వెలువరించింది. వానాకాలానికి ముందూ తర్వాతా ఒకే రేవులో, ఒకే వలతో నమూనా తీయడం కనీస అవసరం.

ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులపై భారతదేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధం అమల్లో ఉంది. దాని ఫలితం తెలియాలన్నా కొలత అంతటా ఒకటే కావాలి.