టెలిగ్రాం నుంచి ఆన్‌కాల్ దాకా

ఒకప్పుడు సూర్యాపేటలోనో కోదాడలోనో ఇంటి ముందు టెలిగ్రాం మనిషి సైకిల్ ఆపితే, కాగితం విప్పకముందే లోపల ఏడుపులు మొదలయ్యేవని పెద్దవాళ్ళు చెబుతారు. కారణం పెద్దదేం కాదు. టెలిగ్రాంకి మాట లెక్కన డబ్బులు. అంత ఖర్చు పెట్టి ఎవరూ భోంచేశారా అని అడగరు కదా!

టెక్నాలజీ తెచ్చే ఒత్తిడికి టెక్నోస్ట్రెస్ అని పేరు పెట్టి క్రెయిగ్ బ్రాడ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1984లోనే పుస్తకం రాశాడు. ఆయన బాధంతా ఆఫీసుల్లో దిగుతున్న కంప్యూటర్ల గురించి. అదే ఏడు మన దగ్గర సీడాట్ పుట్టింది. తర్వాత ఎస్టీడీ బూత్‌లు చిన్న ఊళ్ళకీ వచ్చేశాయి. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది కాబట్టి జనం అప్పటిదాకా ఆగి లైన్లో నిలబడేవాళ్ళు. మీటర్లో అంకెలు తిరుగుతుంటే మాటలు వాటంతటవే పొట్టివైపోయేవి.

1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న సుఖ్‌రామ్‌కి దేశంలో మొదటి మొబైల్ కాల్ చేశాడు. ఆ తర్వాత కొన్నేళ్ళు ఇన్‌కమింగ్‌కి కూడా డబ్బులే. అందుకే మిస్డ్ కాల్ అనే భాష పుట్టింది. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. 2013 జూలైలో టెలిగ్రాం మూతపడింది. ఇప్పుడు మెసేజ్ పంపడానికి లెక్క చూసుకునేంత ఖర్చే లేదు.

నిజానికి ఖర్చు ఎక్కడికీ పోలేదు, చేతులు మారిందంతే. అప్పుడు ఇది పంపాలా వద్దా అని పంపేవాడు ఆలోచించేవాడు. ఇప్పుడు ఇది చూడాలా వద్దా అని అందుకునేవాడు ఆలోచిస్తున్నాడు, రోజుకి వందసార్లు.

ఇంకో తేడా కూడా ఉంది. 1967లో సాగర్ ఎడమ కాలవకి నీళ్ళొదిలాక మిర్యాలగూడ రైస్‌మిల్లుల ఊరైంది. మిల్లులో పని కష్టమే, కానీ మర ఇంటికి రాదు. మన మర జేబులోనే ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో లాప్‌టాప్‌లు పట్టుకుని ఇవే ఊళ్ళకి చేరినవాళ్ళకి ఇల్లేదో ఆఫీసేదో తెలీకుండా పోయింది.

రాత్రి ఫోన్ ఆపేసి పడుకోండి అని సలహా ఇవ్వడం తేలిక. మిర్యాలగూడలో అమ్మానాన్నలు ఒంటరిగా ఉన్నవాడు ఎలా ఆపుతాడు? ఇంటి నుంచి అర్ధరాత్రి రాగల కాల్ కోసం తెరిచి ఉంచిన తలుపులోంచే ప్రొడక్షన్ అలర్టూ వస్తుంది, మేనేజర్ పింగూ వస్తుంది. ఇంటి లోనో వీసానో నెత్తి మీదుంటే దాన్ని పట్టించుకోకుండా పడుకునే ధైర్యం ఎక్కడిది? ఒకే ఫోన్, ఒకే రింగ్‌టోన్, కానీ ఒత్తిడి మాత్రం ఎవరి పరిస్థితిని బట్టి వాళ్ళకి.

ఫ్రాన్సులో 2017 జనవరి నుంచి పనివేళల తర్వాత డిస్కనెక్ట్ అయ్యే హక్కు చట్టంలో ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లో అలాంటి ప్రైవేటు బిల్లే పెట్టారు, అది చట్టం కాలేదు.

చట్టం వచ్చేదాకా ఇంటివాళ్ళ నంబర్లు మాత్రమే రాత్రి మోగేలా ఫోన్‌లో పెట్టుకోవచ్చు. అది సగం పనే. టీమ్‌లో ఆన్‌కాల్‌కి వంతులుండాలి, ఆ వంతుకి విలువ కట్టాలి. ఇక రాత్రి పదింటికి ఎవరికైనా చిన్న డౌట్ అని పింగ్ చేసే ముందు, మాటకింత అని డబ్బులు కట్టాల్సొస్తే ఇది పంపేవాళ్ళమా అని ఒక్కసారి అనుకుంటే చాలు. చాలా మెసేజ్‌లు తెల్లారేదాకా ఆగుతాయి.