షెట్లాండ్ ఊలు దుకాణాలు

షెట్లాండ్ ఊలు దుకాణాలు స్కాట్లాండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులలో, ముఖ్యంగా ముఖ్యపట్టణమైన లెర్విక్‌లో, చేతి అల్లికకు కావలసిన ఉన్ని దారాన్ని అమ్మే అంగళ్లు. ఊలు అల్లేవారిలో చాలామందికి ఏ ఊరు వెళ్ళినా అక్కడి దారపు దుకాణాన్ని వెదకి చూచే అలవాటు ఉన్నది. పోచంపల్లి వెళ్ళినవారు చీర కొనకుండా తిరిగి రాలేనట్లే వీరు ఊలు ఉండలు కొనకుండా తిరిగి రాలేరు. అటువంటివారికి లెర్విక్ ఒక యాత్రాస్థలం. గొర్రె, దానిని మేపే రైతు, ఉన్నిని కొనే వర్తకుడు, దారాన్ని అల్లే మనిషి ఒకే చిన్న ప్రాంతంలో కనిపించడం దీనికి ముఖ్యకారణం.

దీవులు, గొర్రెలు

షెట్లాండ్‌లో సుమారు వంద దీవులు ఉన్నా జనం నివసించేవి 16 మాత్రమే. జనాభా సుమారు 23 వేలు. పూర్వం నార్వే ఏలుబడిలో ఉన్న ఈ దీవులను 1469లో డెన్మార్క్-నార్వే రాజు మొదటి క్రిస్టియన్ తన కుమార్తె కట్నం బాకీకి హామీగా స్కాట్లాండు రాజుకు తాకట్టు పెట్టాడు. ఆ తాకట్టు విడిపించనే లేదు.

ఇక్కడి గొర్రె చిన్నది, దాని ఉన్ని సన్ననిది, మెత్తనిది. వేసవి ఆరంభంలో ఈ ఉన్ని తనంతట తానే వదులవుతుంది. అందువలన పూర్వం కత్తెర వాడకుండా చేతితోనే లాగి తీసేవారు. దీనిని "రూయింగ్" అంటారు. తెలుపు, నలుపులే గాక ఎరుపు కలిసిన గోధుమ రంగు (మూరిట్), ముదురు బూడిద రంగు (షేలా) వంటి ఎన్నో సహజ వర్ణాలకు స్థానిక భాషలో పేర్లు ఉన్నాయి. అయితే తెల్ల ఉన్నికి అద్దకం వేయడం సులువు కనుక మిల్లులు దానికే ఎక్కువ ధర ఇచ్చేవి. దానితో రంగు గొర్రెలు తగ్గిపోయాయి. తెలుగువారికి ఇది తెలియని కథ కాదు. కురుమలు గొంగళ్లకు వాడే దక్కనీ నల్లగొర్రె కూడా ఉన్నికి గిరాకీ తగ్గి, మాంసం కోసం ఉన్ని లేని జాతులతో సంకరం చేయడం పెరిగి, అనేకచోట్ల తరిగిపోయింది. ఉన్నిని కొనే అంగడి లేకపోతే ఆ గొర్రె కూడా మిగలదు.

చరిత్ర

19వ శతాబ్దంలో లెర్విక్ వర్తకులు స్త్రీలు అల్లిన మేజోళ్లు, శాలువాలు తీసుకుని వాటికి డబ్బు ఇచ్చేవారు కాదు. టీపొడి, గుడ్డ వంటి సరుకులు ఇచ్చేవారు. ఈ పద్ధతికి "ట్రక్" అని పేరు. టీపొడితో ఇంటి అద్దె కట్టలేరు గదా! 1872లో బ్రిటిష్ ప్రభుత్వం దీనిపై విచారణ జరిపించింది. అల్లిక పనివారైన స్త్రీల సాక్ష్యాలు ప్రశ్నలు, జవాబుల రూపంలో అచ్చయ్యాయి. వాటిలో బయటపడిన విషయాలలో ఒకటి ఈ వ్యాసానికి ముఖ్యమైనది. శాలువా ఇచ్చి సరుకు తెచ్చుకోవచ్చు గాని, మరొక శాలువా అల్లడానికి దారం కావాలంటే మాత్రం రొక్కం ఇవ్వవలసి వచ్చేది. అనగా అల్లేవారి చేతికి డబ్బు రాదు, డబ్బు లేనిదే దారం రాదు. 1887 నాటి చట్ట సవరణ ఇంటివద్ద అల్లేవారికీ రక్షణ కల్పించింది. అయినా సరుకుల మార్పిడి వెంటనే ఆగలేదు.

1920ల ఆరంభంలో అప్పటి వేల్స్ యువరాజు (తరువాత ఎనిమిదవ ఎడ్వర్డ్) గోల్ఫు ఆటకు ఫెయిర్ ఐల్ స్వెట్టరు ధరించడంతో ఈ దీవుల రంగురంగుల అల్లికకు ప్రపంచ ఖ్యాతి వచ్చింది. ఈ అల్లికలో ఎన్ని రంగులు కనిపించినా ఒక్కొక్క వరుసలో సాధారణంగా రెండు రంగులే ఉంటాయి. అన్‌స్ట్ దీవి మాత్రం పెళ్ళి ఉంగరంలోనుండి దూరిపోయేటంత సన్నని లేసు శాలువాలకు పేరుపొందింది.

ప్రధాన దుకాణాలు

లెర్విక్‌లో పేర్లు దగ్గరగా ఉన్న రెండు వేర్వేరు సంస్థలు ఉన్నాయి. కొత్తవారు తరచు ఒకటనుకుని మరొకదానికి వెళుతూ ఉంటారు.

నార్త్ రోడ్డులోని జేమీసన్ అండ్ స్మిత్ ప్రధానంగా ఉన్ని వర్తక సంస్థ. వందలాది చిన్న రైతుల వద్ద ఉన్ని కొంటుంది. దుకాణాన్ని ఆనుకుని ఉన్న గోదాములో ఉన్నిని చేతితో తాకి నాణ్యతనుబట్టి వేరుచేస్తారు. వీలైతే ఈ గోదామును తప్పక చూడాలి, ఎందుకంటే రైతుకు ఎంత ధర ముట్టేదీ అక్కడే తేలుతుంది. దారం వడకడం మాత్రం ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో జరుగుతుంది. అద్దకం లేని తొమ్మిది సహజ వర్ణాల దారం వీరి ప్రత్యేకత.

జేమీసన్స్ ఆఫ్ షెట్లాండ్ దుకాణం ఊరి నడుమ కమర్షియల్ వీధిలో ఉన్నది. వీరి మిల్లు పడమటి తీరాన శాండ్‌నెస్ గ్రామంలో ఉన్నది. ఉన్ని ఏకడం, వడకడం, అద్దకం దీవిలోనే జరుగుతాయి. రంగులు రెండు వందలకు పైమాటే.

వీరుగాక స్కాలోవే సమీపంలోని యురాడేల్ వంటి సేంద్రియ గొర్రెల పెంపకదారులు తమ సొంత మందల దారం అమ్ముతారు.

పేరు, గుర్తింపు

వ్యాపారంలో "షెట్లాండ్ ఊలు" అనేది కాలక్రమేణా ఒక రకపు దారానికి పేరైపోయింది. ఆ పేరుతో అమ్మే దారం ఈ దీవులలోని గొర్రెదే కానక్కరలేదు. దీవులలోనే పుట్టి పెరిగిన స్థానిక జాతి గొర్రెల ఉన్నికి 2011లో యూరోపియన్ యూనియన్ మూలస్థాన రక్షణ గుర్తింపు లభించింది. మన పోచంపల్లి ఇక్కత్తుకు ఉన్న భౌగోళిక గుర్తింపు వంటిదే ఇది. కనుక చీటీపై రంగు పేరు కంటే ముందు ఉన్ని ఎక్కడిదో చదువుకోవాలి. షెట్లాండ్ శైలి అన్నంత మాత్రాన షెట్లాండ్ ఉన్ని కాదు.

వెళ్ళేవారికి

అబర్డీన్ రేవునుండి రాత్రి బయలుదేరే ఓడ సుమారు 12 గంటలు ప్రయాణించి ఉదయానికి లెర్విక్ చేరుతుంది. విమానాలు దక్షిణాన ఉన్న సంబర్గ్‌లో దిగుతాయి. 2010లో ప్రారంభమైన షెట్లాండ్ ఊల్ వీక్ సెప్టెంబరు చివరలో మొదలవుతుంది (2020లో కోవిడ్ వలన రద్దయింది). ఆ వారంలో పోషకులుగా ఎంపికైనవారు రూపొందించిన టోపీని ముందే అల్లుకుని, దానినే ధరించి వచ్చేవారు వీధులలో కనిపిస్తారు. దుకాణంలో తీరికగా మాట్లాడాలనుకునేవారు మిగిలిన రోజులలో వెళ్ళడం మేలు. ఆదివారం చాలా అంగళ్లు మూసి ఉంటాయి.

రెండు సంస్థల దారమూ రెండు పేటలదే, ఉండ 25 గ్రాములే. కాని జేమీసన్ అండ్ స్మిత్ వారి జంపర్ వెయిట్ ఉండ సుమారు 115 మీటర్లు, జేమీసన్స్ వారి స్పిన్‌డ్రిఫ్ట్ ఉండ 105 మీటర్లు వస్తుంది. కనుక ఉండల లెక్క కాక మీటర్ల లెక్క వేసుకోవాలి. ఒకే రంగులో పెద్ద వస్త్రం అల్లదలచినవారు ఉండలన్నీ ఒకే అద్దకపు విడతవి అవునో కాదో చీటీపై సంఖ్యనుబట్టి సరిచూసుకోవాలి. ఇంటికి వచ్చాక ఒక ఉండ తక్కువైతే అదే ఛాయ దొరకడం కష్టం. కొత్త దారం చేతికి కొంచెం గరుకుగా తగులుతుంది. అల్లిన తరువాత ఉతికితే పోగులు విచ్చుకుని మెత్తబడుతుంది.