పేరు చెక్కిన బిందె

ఆలమూరులో మా అత్తవారిది మండువా లోగిలి. దాన్ని అచ్చ తెలుగిల్లులా అలంకరించాలని ముచ్చటపడి పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. తీరా చూస్తే, పాతవనుకున్నవన్నీ ఒకనాటి కొత్త మోజులేనండీ!

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కోనసీమ చేలకి కాలవనీళ్ళొచ్చాక నాలుగు డబ్బులు చూసినవాళ్ళు కట్టుకున్న ఇళ్ళివి. స్తంభాలకి రంగూన్ టేకు తెప్పించుకున్నవాళ్ళున్నారు. కప్పుమీది మంగుళూరు పెంకు 1865లో అక్కడ బాసెల్ మిషన్ దొరలు పెట్టిన కార్ఖానా చలవ. నేను బేరమాడి తెచ్చిన రవివర్మ లక్ష్మీదేవి పటమో! 1894లో బొంబాయిలో జర్మనీ యంత్రాలతో ఆయన ప్రెస్సు పెట్టాకే అలాంటివి మనబోటివాళ్ళ గోడలెక్కాయి. అంతకుముందు ఆయన బొమ్మలు ఎక్కువగా రాజుల మేడల్లోనే.

మా అత్తగారికి ఇదంతా వేళాకోళం. "స్టీలు సామానువాడు వీధిలో కేకేస్తే గంగాళమిచ్చి రెండు బేసిన్లు పుచ్చుకున్నాను. చింతపండేసి తోమలేక చేతులు పడిపోయేవి. నువ్వు తోముతావుటే?" అంటారు. తోమేది పనిమనిషి గనక నోరెత్తలేదు.

కిందటి వారం ఓ ఇత్తడి బిందె కొన్నాను. అంచున ఎవరో ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా చెక్కి ఉంది. పుట్టింటివాళ్ళు సారెలో పెట్టిందేమో! ఏ అవసరానికి కాటా ఎక్కించిందో! "ఆ పేరు గోడవైపు తిప్పెయ్యమ్మా, బావుండదు" అంది మా అమ్మాయి.

చింతపండేసి నేనే తోమి, పేరు గుమ్మంవైపుకే పెట్టాను.