బురద మీద అక్షరాలు

1908లో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ ఒక టైరు తీసింది. దాని మీద గీతలూ లేవు, గళ్లూ లేవు. ఇంగ్లీషు అక్షరాలున్నాయి! ‘ఫైర్‌స్టోన్’, ‘నాన్ స్కిడ్’ అన్న మాటల్నే ఏటవాలుగా, ఉబ్బెత్తుగా రబ్బరులో పోతపోశారు. కారు జారకుండా నేలను పట్టుకునేవి ఆ అక్షరాలే. తడి మట్టి మీద ఆ కారు పోతే దారంతా అక్షరాల ముద్రలు. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కొల్లేటి గట్ల మీద మావాళ్లు ఇప్పటికీ చదువుతున్నది ఆ రాతనే కదా అనిపించింది.

కైకలూరు అవతల ఒక చేపల చెరువు గట్టు. శ్రావణమాసం. నల్లమట్టి నాని అడుసైపోయింది. మేత బస్తాలతో వెళ్తున్న పికప్ వ్యాను ఆపి డ్రైవరు కిందికి దిగాడు. ముందు పోయిన బండి జాడ దగ్గర వంగి చూశాడు. దిమ్మలు విడివిడిగా, అంచులు కోసినట్టు పడ్డాయి. ‘‘దీనికి బటనుందండి, గట్టెక్కేసింది’’ అన్నాడు. నాలుగడుగుల అవతల ఇంకో జాడ, తాపీతో మెత్తినట్టు నున్నగా ఉంది. ‘‘ఇది గుండు టైరండి. ఇదిగో, ఇక్కడే చెరువు వైపుకి జారింది, చూడండి.’’

బటనంటే టైరు మీది పట్టు. అరిగితే గుండు. మళ్లీ రబ్బరు పోయిస్తే రీబటన్. టైరు శాస్త్రమంతా మన రోడ్ల మీద ఈ మూడు మాటల్లో ఉంది.

అసలు మొదట్లో గాలి టైరుకి బటనే లేదు. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండ్ కుర్రాడు గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. లోకం దాన్ని మరిచిపోయింది. నలభై మూడేళ్ల తర్వాత, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం దాన్ని మళ్లీ కనిపెట్టాడు. కారు టైరు మీద గాట్లు పెట్టడం 1904లో జర్మనీలో కాంటినెంటల్ కంపెనీ మొదలెట్టింది. అదే ఏడాది వేల్స్‌లోని లనెల్లి ఊళ్లో, స్టెప్నీ వీధిలో, డేవీస్ సోదరులు పంక్చరైన చక్రానికి తగిలించుకునే అదనపు చక్రం తయారుచేశారు. ఆ వీధి పేరే మన స్టెప్నీ. ఇంగ్లండులో ఆ మాట వాడేవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. తాడేపల్లిగూడెంలో లారీ క్లీనరు మాత్రం రోజుకి పదిసార్లు అంటాడు.

ఈ కథలో నాకు ప్రాణం యుద్ధకాలం. 1942 మొదట్లో జపాను మలయాని, ఆ వెంటనే జావా, సుమత్రాల్ని పట్టుకుంది. ప్రపంచపు సహజ రబ్బరులో దాదాపు తొంభై శాతం ఆగ్నేయాసియా తోటలదే. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. తాడేపల్లిగూడెంలో విమానాల కోసం రన్‌వే వేసింది ఆ యుద్ధంలోనే. రబ్బరు అందక అమెరికాలో అన్నిటికంటే ముందు రేషనుకి వచ్చిన వస్తువు టైరు. దేశమంతటా పెట్రోలుకి రేషను పెట్టింది కూడా ముఖ్యంగా టైర్లు అరక్కుండా ఉండటానికే! కారు గంటకి 35 మైళ్లు దాటకూడదన్నారు. పాత రబ్బరు ఇస్తే పౌనుకి ఒక సెంటు ఇస్తామని రూజ్‌వెల్ట్ పిలుపిస్తే జనం చెప్పులు, గొట్టాలు, పాత టైర్లు పెట్రోలు బంకుల దగ్గర కుప్పలు పోశారు.

సైన్యపు జీపు టైరు తీరు ఇంకా చిత్రం. దాని దిమ్మలు రెండు వైపులా ఒక్కలాగే ఉంటాయి. బురదలో ముందుకెంత లాగుతుందో వెనక్కీ అంతే. జాడ చూసి జీపు ఎటు పోయిందో శత్రువు చెప్పలేడని కూడా అంటారు. ఒక టైరు కంపెనీ పేరుని నేల మీద అచ్చేస్తే, ఇది తన దారి చదవనివ్వదు. మన పాత మహీంద్రా జీపుల కింద ఆ దిమ్మలే చాలాకాలం తిరిగాయి.

మన పల్లెల్లో పెద్ద మార్పు టైరు బండి. అంతకుముందు చక్రం వడ్రంగిది, కమ్మరిది. కుంభం, ఆకులు, పూటీలు బిగించాక ఎర్రగా కాల్చిన ఇనప పట్టా తొడిగి నీళ్లు గుమ్మరించేవారు. బుస్సుమని ఆవిరి లేచి, పట్టా ముడుచుకుని చక్రాన్ని కరిచిపట్టేది. చూడటానికి అందం. కానీ రెండు వేళ్ల వెడల్పున్న ఆ పట్టా రేగడిలో ఇరుసుదాకా దిగబడేది. గాలి టైర్లొచ్చాక ఎడ్ల మెడలకి సుఖం దక్కింది, చక్రం చేసే చేతులకి పని పోయింది. ఎడ్ల పక్షానే ఉంటాను గానీ, ఆ పనితనం మళ్లీ చూడలేమన్న బాధ తీరేది కాదు.

మద్రాసులో 1946లో ఆటబొమ్మల బుడగలతో మొదలైన ఎమ్మారెఫ్, 1952లో రీబటన్‌కి వాడే రబ్బరు పట్టీలు చేసింది. సొంత టైరు తీసింది 1961లో. మన లారీలు ఎన్నో ఏళ్లు రీబటన్ మీదే బతికాయి. చవక చైనా టైర్ల వరదలో ఆ చిన్న దుకాణాలు దెబ్బతిన్నాయి. మంచి టైరుకి రెండో జన్మ ఇచ్చే పని అది, నిలబడాల్సిన పని.

కొల్లేటి పక్కన బండి నడిపేవాడి కష్టం వేరు. అదే బండి పొద్దున చెరువు గట్టెక్కాలి, మధ్యాహ్నం పదహారో నంబరు హైవే మీద ఏలూరు దాటాలి. రెండు జతల టైర్లకి డబ్బెక్కడిది? లోతుగా, ఎడంగా దిమ్మలున్న టైరు మట్టిని విదిలించేస్తుంది గానీ హైవే మీద హోరుపెడుతూ త్వరగా అరుగుతుంది. చుట్టూ గీతలే ఉన్న లైను టైరు రోడ్డు మీద హాయి. గట్టు మీద మాత్రం గీతల్లో బంకమట్టి కూరుకుని కొత్తదైనా గుండే. నడుమ దగ్గరగా, అంచుల్లో ఎడంగా దిమ్మలున్న మధ్యరకమే మనకి సరి. ఇలాంటివాటి పక్క గోడ మీద తరచు ‘ఎం ప్లస్ ఎస్’ అని ఉంటుంది. బురద, మంచు అని అర్థం. మంచు మాటెలా ఉన్నా బురద మనకి చాలా ఉంది. ఖర్చు తగ్గించాలంటే రీబటన్ వెనక చక్రాలకి వేయించండి. దారి తిప్పే ముందు చక్రాలకి మాత్రం కొత్తవే వేయండి.

మా బంధువు ఒకాయన తక్కువకొచ్చిందని కొన్న కొత్త టైరు ఒక్క ఎండాకాలానికే పక్క గోడంతా పగుళ్లిచ్చింది. చూస్తే అది ఆరేళ్ల కిందట తయారైంది. ఆ సంగతి టైరు మీదే రాసుంది, ఆయన చదవలేదు. పక్క గోడ మీది కోడు చివర నాలుగంకెలుంటాయి. 3224 అంటే 2024లో ముప్పై రెండో వారం. గీతల అడుగున చిన్న మిట్టలుంటాయి, పట్టు వాటి మట్టానికి అరిగితే మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లు. అంతకంటే తగ్గిన టైరుతో కారునైనా లారీనైనా నడపడం చట్టరీత్యా తప్పు. తొలకరికి ముందు ఒక్కసారి బండి పక్కన గొంతుక్కూర్చుని ఆ అంకెలు, ఆ మిట్టలు చూసుకోండి.