లెవోడోపాలో ‘లెవో’ ఎందుకు?

చాలా ఏళ్ళ క్రితం నేను ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తుండగా, పార్కిన్సన్ వ్యాధితో చేతులు వణుకుతున్న ఒక పెద్దాయనకు లెవోడోపా మాత్రలు వ్రాసి యిచ్చాను. చీటీ చదివిన ఆయన కుమారుడు, “డాక్టరు గారూ, లెవో అంటే ఏమిటండీ?” అని అడిగాడు. “ఎడమ” అని చెప్పి తరువాతి రోగిని పిలిచాను. మందుకు ఎడమ కుడి ఏమిటని అతడు మరల అడిగి ఉంటే నావద్ద సరైన సమాధానం లేదు. ఆ సమాధానం ఇప్పుడు మీకు చెబుతాను.

మీ రెండు అరచేతులు చూసుకోండి. ఒకటి రెండవదానికి అద్దంలోని ప్రతిబింబం వంటిది. అయినా కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టదు. కొన్ని అణువులు కూడా అంతే. ఒక కర్బన పరమాణువుకు నాలుగు వేర్వేరు సమూహాలు అతుక్కున్నప్పుడు వాటిని రెండు విధాలుగా అమర్చవచ్చు. ఈ రెండు రూపాలలో ఒకటి కాంతి తలాన్ని ఎడమకు, రెండవది కుడికి త్రిప్పుతుంది. 1848లో లూయీ పాశ్చర్ ఇటువంటి రెండు రకాల స్ఫటికాలను చేతితో ఏరి వేరుచేసి ఈ విషయాన్ని నిరూపించాడు.

పార్కిన్సన్ రోగుల మెదడులో డోపమిన్ కొరవడుతుందని 1960లో వియన్నాలో హార్నికీవిజ్ చూపించాడు. డోపమిన్‌నే మందుగా ఇస్తే అది రక్తంనుంచి మెదడులోనికి పోలేదు. దాని పూర్వపదార్థమైన డోపా పోగలదు. అక్కడ ఒక ఎంజైము దానిని డోపమిన్‌గా మారుస్తుంది. అయితే ఆ ఎంజైము ఎడమ రూపాన్నే స్వీకరిస్తుంది. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ రెండు రూపాల మిశ్రమాన్ని పెద్ద మోతాదులలో ఇచ్చినప్పుడు రోగులు తేరుకున్నారు గాని, కొందరిలో తెల్ల రక్తకణాలు తగ్గాయి. తరువాత ఆయన ఎడమ రూపాన్ని మాత్రమే వాడాడు.

ప్రకృతి ఈ ఎడమ రూపాన్నే తయారుచేస్తుంది. మన పొలాల గట్లపై ప్రాకే దూలగొండి గింజలనుంచి దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు 1937లో మద్రాసులో దీనిని వేరుచేశారు. కాని మామూలు రసాయన విధానాలలో తయారుచేస్తే రెండు రూపాలూ సరిసమానంగా వస్తాయి. సగం పనికిరాదు, పైగా దానిని వేరుచేయడం శ్రమతోను ఖర్చుతోను కూడిన పని.

సెయింట్ లూయిస్‌లోని మొన్‌శాంటో కంపెనీలో విలియమ్ నోల్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఈ చిక్కును విప్పాడు. అణువులకు ఉదజనిని చేర్చే రోడియం ఉత్ప్రేరకాన్ని అప్పటికే జెఫ్రీ విల్కిన్‌సన్ కనుగొన్నాడు. అందులోని భాస్వరపు సమూహాల స్థానంలో కుడి ఎడమల భేదమున్న సమూహాలను నోల్స్ అమర్చాడు. ఉత్ప్రేరకానికే ‘చేతివాటం’ ఉంటే పుట్టే అణువుకూ అది వస్తుందని ఆయన ఊహ. 1968లో ఒక పరీక్షా పదార్థంపై వచ్చిన ఫలితంలో ఒక రూపం రెండవదానికంటె 15 శాతమే ఎక్కువ. అంటే నూటికి 57, 58 ఒక రకం, మిగిలినవి వేరొక రకం. వ్యాపారానికి అది కొరగాదు. కాని త్రాసు ఒకవైపు మొగ్గిందంటే మార్గం ఉన్నట్లే అని ఆయన గ్రహించాడు. భాస్వరపు సమూహాలను మార్చుతూపోగా ఆధిక్యం 88 శాతానికి, పిమ్మట డైప్యాంప్ అనే సమూహంతో 95 శాతానికి పెరిగింది. 1974నాటికి ఆ పద్ధతిలో లెవోడోపా కర్మాగారంలో తయారైంది. నోల్స్ 1986లో ఉద్యోగ విరమణ చేశాడు. 2001లో, 84వ ఏట, నొయోరి, షార్ప్‌లెస్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఇక నా వైద్య సలహా. గింజలోనిదీ, మాత్రలోనిదీ ఒకే అణువు. అందుచేత ‘ఇది మూలిక, హాని చేయదు’ అనుకుని మాత్రలతోబాటు దూలగొండి పొడి తినకండి. గింజ గింజకూ మందు పరిమాణం మారుతుంది. మోతాదు మించితే వాంతులు, రక్తపుపోటు పడిపోవడం, మతిభ్రమ కలుగవచ్చు. మాత్రలో జతచేసే కార్బిడోపా, మెదడు వెలుపల డోపా వృథా కాకుండా ఆపుతుంది. ఈ మందు వ్యాధిని నిర్మూలించదు, బాధను తగ్గిస్తుంది. వణుకు తగ్గిందని మాత్రలు హఠాత్తుగా మానివేయడం ప్రమాదకరం. మార్పు ఏదైనా మీ వైద్యుని అడిగే చేయండి.

ఆనాడు ఆ కుమారునికి ఈ సంగతులు చెప్పడానికి అయిదు నిమిషాలు చాలేవి. మీ వైద్యుని ఇటువంటి ప్రశ్నలు అడగడానికి సంకోచించకండి.