విదేశీ ఉపాధిలో వేతనంతో కూడిన వార్షిక సెలవు: గల్ఫ్ దేశాల నిబంధనలు

బాపట్ల జిల్లా చీరాల పట్టణంలోని పేరాలలో ఒక దుకాణంలో గుమాస్తాగా పనిచేసే వ్యక్తికి ఆంధ్రప్రదేశ్ దుకాణములు, సంస్థల చట్టం, 1988 వర్తిస్తుంది. పన్నెండు నెలల కాలంలో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి వేతనంతో కూడిన 15 రోజుల సెలవును ఆ చట్టం కల్పిస్తున్నది. అదే వ్యక్తి దుబాయిలోని దుకాణంలో చేరినట్లయితే అక్కడి చట్టమే వర్తిస్తుంది. ఆ చట్టం నిర్దేశించిన కనీస సెలవు కంటే తక్కువకు ఒప్పందం రాయించుకున్నప్పటికీ అది చెల్లుబాటు కాదు.

ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరి 2 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం ఏడాది సర్వీసుకు 30 రోజుల సెలవు లభిస్తుంది. ఆరు నెలలు దాటి ఏడాది నిండని వారికి నెలకు రెండు రోజుల చొప్పున లెక్కిస్తారు. కువైట్‌లో ప్రైవేటు రంగ కార్మికులకు 2010 నాటి 6వ నంబరు చట్టం, బహ్రెయిన్‌లో 2012 నాటి చట్టం, ఒమన్‌లో 2023 నాటి చట్టం కూడా 30 రోజులే నిర్ణయించాయి. సౌదీ అరేబియాలో 21 రోజులు కాగా, ఒకే యజమాని వద్ద ఐదేళ్లు నిండిన పిదప 30 రోజులు. ఖతార్‌లో ఐదేళ్ల లోపు మూడు వారాలు, ఆపైన నాలుగు వారాలు.

గల్ఫ్‌కు వెళ్లిన వారు "రెండేళ్లకోసారి సెలవు" అని చెప్పుకోవడం పరిపాటి. ఒప్పందం సాధారణంగా రెండేళ్లది కావడం, విమాన టికెట్టు అప్పుడే లభించడం ఇందుకు కారణాలు. అయితే స్వదేశానికి వచ్చే ప్రయాణం వేరు, సెలవు హక్కు వేరు. సెలవు ఏటా జమ అవుతూనే ఉంటుంది. కువైట్ చట్టం రెండేళ్ల సెలవును కూడబెట్టుకొనుటకు అనుమతిస్తున్నది. రెండేళ్లకు పైగా కార్మికుని సెలవు వాడుకోనీయకుండా ఆపరాదని ఎమిరేట్స్ చట్టం యజమానిని నిర్దేశిస్తున్నది. సెలవు తేదీలు నిర్ణయించే అధికారం మాత్రం కువైట్‌లో యజమానికే ఉన్నది.

వాడుకోని సెలవుకు ఉద్యోగం ముగిసినప్పుడు నగదు చెల్లించవలసి ఉంటుంది. ఉదాహరణకు, ఎమిరేట్స్‌లో నెలకు 1,500 దిర్హముల మూల వేతనం పొందే వ్యక్తి రెండేళ్లు సెలవు వాడుకోకుండా ఉద్యోగం విరమిస్తే 60 రోజులకు 3,000 దిర్హములు రావలెను. ఈ లెక్కలో వసతి, రవాణా భత్యాలు చేరవు. తుది లెక్కల పత్రంపై సంతకం చేసేటప్పుడు తరచుగా చూడకుండా వదిలివేసే పద్దు ఇదే.

ఇళ్లలో పనిచేసే వారి పరిస్థితి భిన్నమైనది. కడప, గోదావరి జిల్లాల నుండి కువైట్ వెళ్లిన మహిళలలో అనేకులు ఈ కోవకు చెందినవారే. వీరికి 2010 నాటి చట్టం వర్తించదు. 2015 నాటి 68వ నంబరు చట్టం వీరికి వారాంతపు విశ్రాంతిని, వేతనంతో కూడిన వార్షిక సెలవును కల్పించింది. పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకోవడాన్ని అదే చట్టం నిషేధించింది. పాస్‌పోర్టు చేతిలో లేనిదే సెలవు మంజూరైనా ప్రయాణం సాధ్యం కాదు కనుక ఈ రెండు నిబంధనలను కలిపి చూడవలసి ఉన్నది. గృహ కార్మికుల నియామకంపై భారత్, కువైట్‌ల మధ్య 2021 జూన్‌లో అవగాహన ఒప్పందం కుదిరింది.

దేశం విడిచి వెళ్లే అనుమతి విషయంలో విధానాలు మారుతూ వస్తున్నాయి. ఖతార్ ఈ అనుమతిని 2018లో అధిక శాతం కార్మికులకు రద్దు చేసి, 2020లో గృహ కార్మికులకూ ఆ వెసులుబాటు కల్పించింది. ఇందుకు భిన్నంగా కువైట్ 2025 జూలై 1 నుండి ప్రైవేటు రంగంలోని ప్రవాస కార్మికులు దేశం విడిచేందుకు యజమాని ఆమోదంతో కూడిన అనుమతిని తప్పనిసరి చేసింది. సెలవుపై వచ్చువారు టికెట్టు కొనుటకు ముందే ఈ అనుమతి పొందడం మేలు.

సెలవు వేతనం అందని పక్షంలో తొలుత ఆ దేశపు కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవలెను. భారత రాయబార కార్యాలయాన్ని నేరుగా గాని, విదేశీ వ్యవహారాల శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' పోర్టల్ ద్వారా గాని ఆశ్రయించవచ్చును. ఒప్పందం ప్రతి, వేతనం జమ అయిన బ్యాంకు వివరాలు, సెలవు కోరిన దరఖాస్తు నకలు ఫిర్యాదుకు జతచేయవలెను. ఒప్పందం ప్రతి ఒకటి స్వగ్రామంలోని కుటుంబ సభ్యుల వద్ద ఉన్నట్లయితే, వారు కూడా ఇక్కడి నుండి 'మదద్'లో ఫిర్యాదు నమోదు చేయుటకు వీలుంటుంది.